మిగిలే గుడ్లు, తుపాను నెలలు: పెరటి కోళ్ళున్న ఇంటికి సమస్య - పరిష్కారం

పెరట్లో పది పెట్టలుంటే ఏడాదిలో కొన్ని నెలలు గుడ్లు తిన్నా తరగవు, ఇరుగుపొరుగుకి పంచినా తరగవు. ఇంకొన్ని నెలలు పిల్లాడికి అట్టు వేద్దామంటే ఒక్కటీ దొరకదు. ఇచ్ఛాపురం నుంచి భోగాపురం దాకా ఉన్న మన తీరంలో చిక్కేమిటంటే, గుడ్లు దొరకని నెలలూ తుపాను నెలలూ ఒకటే. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న వచ్చింది. తిత్లీ 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది. గులాబ్ 2021 సెప్టెంబరు 26 సాయంత్రం కళింగపట్నానికి ఉత్తరాన దాటింది. సరిగ్గా ఆ రోజుల్లోనే పగటి పొద్దు తగ్గుతుంది, ముదురు పెట్టలు ఈకలు రాల్చుకుంటాయి, గుడ్లు ఆపేస్తాయి.

అందుకే చాలామంది అడిగేది ఒకటే: వేసవిలో మిగిలినవి అక్టోబరు దాకా దాచుకోలేమా? దాచలేం, దాచాలని చూడకూడదు కూడా. మిగిలిన గుడ్లని ఆ వారంలోనే అమ్మి పప్పో, టార్చి సెల్లో కొనుక్కోవాలి. అక్టోబరు కోసం దాచుకోవాల్సింది కోళ్ళని, వాటి మేతని. ఇది ఎందుకంటున్నానో కింది ఇబ్బందులు ఒక్కొక్కటీ చూస్తే తెలుస్తుంది.

గుడ్డు పగలగొడితే లోపల ఎర్రటి గీతలు

ఏప్రిల్, మే నెలల్లో ఈ ఫిర్యాదు ఎక్కువ. "నాలుగు రోజుల గుడ్డేనమ్మా, అప్పుడే పిల్లెలా కట్టీసింది?" అని మా వీధిలో ఏటా ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు.

కారణం రెండు ముక్కల్లో చెప్పొచ్చు. ఒకటి పుంజు, రెండోది ఎండ. పుంజు కలిసిన గుడ్డులో పిండం కదలడానికి పొదిగే పెట్ట ఒంటి వేడి అంతా అక్కర్లేదు. పిల్ల పూర్తిగా తయారవడానికి 37.5 డిగ్రీలు, 21 రోజులు కావాలి గానీ, 20, 21 డిగ్రీలు దాటితేనే లోపల మెల్లగా మార్పు మొదలవుతుంది. మే నెలలో మన వంటింట్లో అర్ధరాత్రి కూడా మామూలుగా 25 కంటే ఎక్కువే ఉంటుంది. దానికి తోడు గుడ్లు గూట్లోనే వదిలేస్తే ఒక పెట్ట తర్వాత ఇంకో పెట్ట ఎక్కి కూర్చుంటుంది. మనం పొదిగించకపోయినా అవి సగం పొదిగేస్తాయి.

పిల్లలు అక్కర్లేని రోజుల్లో పుంజుని వేరు చేయండి. ఇంతకంటే మంచి మందు లేదు, పైసా ఖర్చూ లేదు. పుంజు లేకపోయినా పెట్ట గుడ్లు పెడుతుంది, లెక్క తగ్గదు. అయితే వేరు చేసిన మర్నాటి నుంచే ఉత్త గుడ్లు, అంటే పిండం కట్టని గుడ్లు వస్తాయనుకోకండి. రెండు మూడు వారాల దాకా పుంజు ప్రభావం ఉంటుంది. ఆ తర్వాత వచ్చే గుడ్డు అదే ఎండలో, అదే గదిలో ఎక్కువ రోజులు ఆగుతుంది. పిల్లలు కావాలనుకున్నప్పుడు మంచి పెట్టలు రెండు ఎంచి పుంజుతో ఒక గంప కింద ఉంచితే సరిపోతుంది.

రోజుకి రెండుసార్లు గుడ్లు తీయండి, పొద్దున పదింటికొకసారి, మధ్యాహ్నం తర్వాత ఒకసారి. ఎండాకాలంలో మూడోసారి చూసినా నష్టం లేదు.

అనుమానం ఉన్న గుడ్డుని పగలగొట్టక్కర్లేదు. రాత్రి లైటు ఆపేసి, ఫోను టార్చి వెలిగించి, గుడ్డు లావు వైపుని దాని మీద ఆనించి, వెలుతురు పక్కకి పోకుండా వేళ్ళతో చుట్టూ మూయండి. బాగున్న గుడ్డు అంతా ఒకే తీరుగా నారింజ రంగులో వెలుగుతుంది, మధ్యలో పచ్చసొన నీడలా తేలుతుంది. పిండం పెరుగుతుంటే ఒక చిన్న చుక్క నుంచి సన్నటి ఎర్రటి నరాలు సాలీడు కాళ్ళలా నాలుగు వైపులా పోతాయి. చుక్క, నరాలు పోయి ఎర్రటి వలయం ఒక్కటే మిగిలితే లోపలిది పెరిగి చచ్చిపోయిందని అర్థం. దాన్ని పారేయడమే. తెల్లగోధుమ రంగు పెంకులో ఇది బాగా కనిపిస్తుంది, ముదురు రంగు పెంకైతే టార్చి వెలుతురు ఎక్కువ కావాలి.

తాజా గుడ్డులో పచ్చసొన మీద ఆవగింజంత రక్తపు చుక్క కనిపించడం వేరు సంగతి. గుడ్డు తయారయ్యేటప్పుడు చిన్న రక్తనాళం చిట్లితే అలా పడుతుంది. చెంచాతో తీసేసి నిక్షేపంగా వండుకోవచ్చు.

పట్టుమని పది రోజులు కాకుండానే వాసన

ముందు అడగాల్సింది, గుడ్లు కడుగుతున్నారా అని. కడుగుతున్నామంటే సగం జవాబు దొరికినట్టే. పెట్ట గుడ్డు పెట్టేటప్పుడు పెంకు మీద సన్నటి తడి పొర వస్తుంది, క్షణాల్లో ఆరిపోతుంది. పెంకు నిండా కంటికి ఆనని రంధ్రాలుంటాయి, వాటిని మూసేది ఆ పొరే. నీళ్ళు పోసి రుద్దితే పొర పోతుంది, రంధ్రాలు తెరుచుకుంటాయి, పైనున్న మురికి నీటితో పాటు లోపలికి పోతుంది. చన్నీళ్ళతో కడిగితే ఇంకా చేటు. లోపలి పదార్థం చల్లబడి ముడుచుకుని, బయటి నీటిని పీల్చుకుంటుంది.

కాబట్టి కడగొద్దు. పొడి గుడ్డతో తుడవండి. రెట్ట బాగా అంటుకున్న గుడ్డుని నిల్వకి పెట్టకుండా, వండే ముందు కడిగి ఆ రోజే వాడేయండి. అలాంటివి రోజూ వస్తుంటే గూడు బాగోలేదని గుర్తు. గూట్లో గడ్డి మార్చండి, రాత్రి కోళ్ళు పడుకునే కర్ర గుడ్లు పెట్టే చోటు కంటే ఎత్తులో ఉండేలా చూడండి. గుడ్లు పెట్టే తట్టలోనే పడుకుంటే రెట్ట అక్కడే వేస్తాయి.

గుడ్డు వయసు తెలుసుకోవడానికి నీళ్ళ పరీక్ష అందరికీ తెలిసిందే. తాజాది గిన్నె అడుగున అడ్డంగా పడుకుంటుంది. రోజులు గడిచేకొద్దీ లోపలి తేమ రంధ్రాల నుంచి ఆవిరై, లావు వైపున ఉండే గాలిగది పెరుగుతుంది, అందుకని లావు వైపు పైకి లేస్తుంది. నిటారుగా నిలబడితే పాతది, తేలిపోతే పారేయండి. ఈ పరీక్ష చెప్పేది వయసు ఒక్కటే. మునిగిన గుడ్డులో క్రిములు లేవని హామీ ఇవ్వదు. అందుకే ఏ గుడ్డయినా ముందు చిన్న గిన్నెలోకి కొట్టి, వాసన చూసి, అప్పుడు పెద్ద గిన్నెలో కలపాలి. ఒక్క చెడ్డ గుడ్డు వల్ల పది గుడ్ల పొరటు పారబోసిన ఇళ్ళు ఎన్నో. పరీక్షకి నీళ్ళలో వేసిన గుడ్లని మళ్ళీ నిల్వకి పెట్టకండి, ఆ రోజే వాడండి.

బయట ఉంచితే మన ఎండల్లో కడగని గుడ్డుకి వారం, పది రోజులు గడువు పెట్టుకోండి. చలికాలంలో ఇంకొంచెం ఆగుతుంది. తడి ఇసుకలో మట్టికుండ పెట్టి అందులో గుడ్లుంచడం పాత పద్ధతి. వడగాలి రోజుల్లో ఇది బాగా పనిచేస్తుంది. సముద్రపు గాలి తేమతో జిడ్డుగా ఉండే రోజుల్లో నీరు ఆవిరవదు కాబట్టి కుండ పెద్దగా చల్లబడదు. కుండలో గుడ్లకి తడి తగలకుండా అడుగున పొడి గడ్డి వేయండి.

ఇంకొన్ని రోజులు కావాలంటే నూనె రాయడం సులువు. పెట్టిన రోజే, పొడిగా శుభ్రంగా ఉన్న గుడ్డుకి అరచేతిలో రెండు చుక్కల నూనె వేసుకుని పెంకంతా పట్టించాలి. వంటనూనె అయినా పర్లేదు. మెడికల్ షాపులో దొరికే లిక్విడ్ పారఫిన్ అయితే కమురు వాసన రాదు. నూనె రంధ్రాలని మూసి తేమ పోకుండా ఆపుతుంది. క్రిములని చంపదు, మురికి గుడ్డుని మంచి గుడ్డు చేయదు.

సున్నపు తేటలో ముంచడం ఇంకో దారి. తడిపిన సున్నాన్ని నీళ్ళలో బాగా కలిపి, కదపకుండా వదిలేసి, పైకి తేరిన నీటిని గుడ్డలో వడకట్టి, కొంచెం ఉప్పు వేసి, అందులో గుడ్లు ఒక రాత్రంతా, 14 నుంచి 18 గంటలు, మునిగి ఉండేలా పెడతారు. తర్వాత నీడన ఆరబెడతారు. సున్నం పెంకు రంధ్రాల్లో పేరుకుని మూసేస్తుంది. ఇలా చేసినవి గది వేడిలో మూడు నాలుగు వారాలు ఆగుతాయి. చల్లటి దేశాల్లో సున్నపు నీటిలోనే నెలల తరబడి ఉంచుతారని విని, మన దగ్గర అదే లెక్క వేయకండి. అక్కడి నేలమాళిగ చల్లదనం మన ఇంట్లో లేదు. రంగు కలిపిన గోడ సున్నం వాడొద్దు. రాళ్ళ సున్నం తడిపేటప్పుడు సలసలా కాగి చిమ్ముతుంది, పిల్లల్ని దూరంగా ఉంచండి, కళ్ళు జాగ్రత్త. ఇలా నిల్వ చేసిన గుడ్డుని పచ్చసొన గట్టిపడేదాకా వండాలి. చిన్నపిల్లలకి, గర్భిణులకి తాజా గుడ్లే పెట్టండి.

ఫ్రిజ్‌లో పెట్టాం, కరెంటు పోయింది

ఫ్రిజ్‌లో గుడ్డు నెల పైన ఆగుతుంది, అది నిజమే. కరెంటు ఉన్నన్నాళ్ళూ. తుపాను తీరం దాటే ముందే జాగ్రత్త కోసం లైన్లు ఆపేస్తారు. ఆ తర్వాత స్తంభాలు పడిపోతే ఎప్పుడొస్తుందో చెప్పలేం. తిత్లీ తర్వాత శ్రీకాకుళం జిల్లా ఉద్దానం పల్లెల్లో రోజుల తరబడి చీకటే.

తలుపు తీయకుండా ఉంచితే ఫ్రిజ్ సుమారు నాలుగు గంటలు చల్లగా ఉంటుంది. నిండా ఉన్న డీప్ ఫ్రీజర్ రెండు రోజుల దాకా, సగం నిండినది ఒక రోజు దాకా ఓర్చుకుంటుంది. ఆ తర్వాత గుడ్లకి ఏమవుతుందో గమనించండి. చల్లటి పెంకు మీద బయటి తేమ నీటి బిందువులుగా పడుతుంది, గుడ్డుకి చెమట పట్టినట్టు ఉంటుంది. ఆ తడిలోనే క్రిములు రంధ్రాల గుండా లోపలికి పోతాయి. ఒకసారి ఫ్రిజ్‌లో చల్లబడి మళ్ళీ వేడెక్కిన గుడ్డు, మొదటి నుంచీ బయటే ఉన్న గుడ్డు కంటే త్వరగా పాడవడానికి ఇదే కారణం.

తుపాను హెచ్చరిక వచ్చిందంటే ఇక కొత్త గుడ్లని ఫ్రిజ్‌లో పెట్టకండి. అవి బయటే, తట్టలో, గదిలో చల్లటి మూలన ఉండాలి. ఫ్రిజ్‌లో ఉన్నవాటిని కరెంటు పోకముందే తీసి వండుకోండి. పులుసు పెట్టుకోండి, పొరటు చేసుకోండి, పక్కింటి వాళ్ళకివ్వండి. ఉడికించి దాచుకుంటే ఆగుతాయనుకుంటారు గానీ, అది తిరగబడే లెక్క. ఉడికితే పెంకు మీది రక్షణ పోతుంది. ఉడికిన గుడ్డు గది వేడిలో రెండు గంటలు, బాగా ఎండగా ఉంటే ఒక గంట. అంతకు మించి ఉంచొద్దు. కరెంటు లేని రోజుల్లో ఎన్ని తింటారో అన్నే ఉడికించండి.

తినే వరస ముందే అనుకుని పెట్టుకుంటే టెన్షన్ ఉండదు. మొదట ఫ్రిజ్‌లోవి, తర్వాత తట్టలోని గుడ్లు, చివరికి పొడి సరుకు.

వరద నీటిలో మునిగిన గుడ్లని మాత్రం ఎంత బాగా కనిపించినా తినకండి.

ఊరగాయ పెట్టేస్తే నిల్వ ఉండదా?

మామిడికాయకి, చేపకి ఊరగాయ పెట్టే చేతులు మనవి. గుడ్డుకీ పెట్టొచ్చు కదా అనిపించడం సహజం. ఇక్కడ మాత్రం గట్టిగా వద్దంటాను. ఉడికిన గుడ్డు మధ్యలో పచ్చసొన గట్టిగా, గాలి తగలకుండా ఉంటుంది. పులుపు, ఉప్పు అక్కడి దాకా దిగడానికి రోజులు పడుతుంది. ఈలోగా బాట్యులిజం అనే ప్రాణాంతకమైన జబ్బు తెచ్చే విషాన్ని తయారుచేసే క్రిమికి అదే అనువైన చోటు. 1997లో అమెరికాలోని ఇల్లినాయిలో ఒకాయన ఇంట్లో గుడ్లకి పుల్లతో గుచ్చి, వెనిగర్‌లో ఊరబెట్టి, సీసా ఫ్రిజ్ బయట ఉంచి తిని ఈ విషంతోనే ఆస్పత్రి పాలయ్యాడు. మసాలా బాగా పట్టాలని మనం కూడా గుడ్డుకి గాట్లు పెడతాం. పెట్టి, నూనెలో ముంచి, అరలో పెడితే ప్రమాదం అదే.

ఇష్టమైతే గుడ్డు ఊరగాయ ఫ్రిజ్‌లో పెట్టుకుని వారం లోపల తినేయండి. తుపాను సరుకుల్లో దానికి చోటు లేదు.

గుడ్డుతో చేసి బయట ఆగేది ఏదైనా ఉందంటే గట్టి బిస్కెట్లే. తేమ పూర్తిగా పోయేలా కాలిస్తే గాలి చొరని డబ్బాలో వారాల తరబడి ఉంటాయి. మీ ఊరి బేకరీ వాళ్ళు ఒప్పుకుంటే పిండి, పంచదార, గుడ్లు మీరిచ్చి కాల్పించుకోండి. కేకు వద్దు, దానిలో తేమ ఎక్కువ.

మిగిలినప్పుడు గంపలకొద్దీ, అవసరానికి ఒక్కటీ లేదు

అసలు సమస్య ఇది.

నాటుపెట్ట ఏడాదికి 60 నుంచి 80 గుడ్లు పెడుతుంది. పది పదిహేను పెట్టి, పొదుగుకి కూర్చుని, పిల్లల్ని తిప్పుకుని, మళ్ళీ మొదలెడుతుంది. దానితో మిగులు తక్కువ. గుడ్లు కుప్పపడేది హైదరాబాదులోని కోళ్ళ పరిశోధన డైరెక్టరేట్ తయారుచేసిన గ్రామప్రియ, వనరాజా లాంటి పెరటి జాతులతో. గ్రామప్రియ పెరట్లోనే ఏడాదికి 150 పైన పెడుతుంది. పొదుగు గుణం బాగా తక్కువ కాబట్టి ఆగకుండా పెడుతుంది. పెట్టలన్నీ ఒకే ఈడువైతే ఒకేసారి ఊపందుకుంటాయి, ఒకేసారి ఈకలు రాల్చి ఆగిపోతాయి.

దీనికి మందు పిల్లల్ని తెచ్చే నెలలో ఉంది. గ్రామప్రియ పిల్ల గుడ్డుకి రావడానికి ఐదున్నర, ఆరు నెలలు పడుతుంది. మార్చి, ఏప్రిల్‌లో తెచ్చిన పిల్లలు సెప్టెంబరు, అక్టోబరుకి గుడ్డుకొస్తాయి. మొదటి ఏడాది పెట్టలు ఆ శీతాకాలం ఈకలు రాల్చవు. ముదురు పెట్టలు ఆగిపోయినా ఇవి సాగిస్తాయి. వేసవిలో పిల్లలకి బల్బు వేడి కూడా తక్కువ చాలు. ఏటా మంద మొత్తం మార్చకుండా మూడోవంతు కొత్తవి కలుపుకుంటూ పోండి. కొత్త పిల్లలకి కొక్కెర తెగులు (రాణిఖేత్) టీకా వేయించడం మర్చిపోవద్దు. మొదటి వారంలో చుక్కలు, ఎనిమిదో వారంలో ఇంజక్షన్, ఆ తర్వాత పశువుల ఆస్పత్రిలో చెప్పినట్టు.

ఇక వేసవిలో, తొలకరిలో మిగిలే గుడ్ల సంగతి. నాటుగుడ్డుకి ఫారం గుడ్డు కంటే ఎప్పుడూ ధర ఎక్కువే. శ్రీకాకుళం, టెక్కలి, బొబ్బిలి లాంటి చోట్ల కొనేవాళ్ళు వెతుక్కుంటూ వస్తారు. గుడ్ల డబ్బుని ఇంటి ఖర్చులో కలపకుండా ఒక డబ్బాలో వేసి, నెలకొక వస్తువు కొనండి. మే నెలలో మూతున్న నీళ్ళ డ్రమ్ము, జూన్‌లో మంచి టార్పాలిన్, మోకు. జులైలో టార్చి, సెల్లులు, పవర్ బ్యాంకు. ఆగస్టులో కందిపప్పు, పెసరపప్పు, ఉప్పు, చింతపండు, బెల్లం. సెప్టెంబరులో పొయ్యి వెలిగించకుండా తినగలిగేవి: అటుకులు, మరమరాలు, వేయించిన శనగలు, వేరుశనగ ఉండలు. చోడిపిండి (రాగిపిండి) ఇంట్లో ఉండనే ఉంటుంది. అది తాజాగా ఆడించుకోండి, పాత పిండి చేదెక్కుతుంది. ఎండుచేపలు తీరం వాళ్ళకి చెప్పక్కర్లేదు, తేమ తగలకుండా కట్టడం ఒక్కటే పని.

ఇలా కొన్న సామాను విడిగా మూటగట్టి పెట్టి ఏడాదంతా ముట్టుకోకపోతే పురుగు పడుతుంది. రోజూ వాడే సరుకునే ఒక నెల ముందుకి కొనుక్కుని, పాతది ముందు వాడుతూ కొత్తది వెనక పెట్టుకోవడం నాకు మేలనిపిస్తుంది.

పెరట్లో గుడ్లుంటే డబ్బు లేకపోయినా ఇచ్చిపుచ్చుకోవడం నడుస్తుంది. కిరాణా కొట్టాయన, పాలు పోసేవాళ్ళు, టార్పాలిన్ కుట్టేవాళ్ళు గుడ్లు కాదనరు. వేసవిలో గుడ్లు పంచిన ఇంటికి తుపాను రోజుల్లో పక్కింటి డాబా మీద చోటు దొరుకుతుంది. ఊళ్ళో బతుకు అలాగే సాగుతుంది.

తుపాను పోయింది, కోళ్ళు బతికాయి, గుడ్లు లేవు

"పెట్టలు మేస్తన్నాయి గానీ గుడ్డెట్టడం నేదు" అంటే భయపడక్కర్లేదు. గాలి హోరు, చీకటి, ఆకలి, చోటు మారడం, ఇందులో ఏదైనా పెట్టని ఆపేయగలదు. అన్నిటికంటే త్వరగా ఆపేది దాహం. పెట్టకి రోజుకి పావు లీటరు నీళ్ళు కావాలి, ఎండల్లో దానికి రెట్టింపు. గుడ్డులో ముప్పాతిక వంతు నీరే కదా. ఒక రోజంతా నీళ్ళు లేకపోతే ఆ దెబ్బ వారాలు కనిపిస్తుంది. మేత, నీళ్ళు కుదిరితే వారం, రెండు వారాల్లో మళ్ళీ మొదలెడతాయి.

ముందే చేసుకోవాల్సింది: గూడు కొబ్బరిచెట్టు కింద, పెంకుటింటి చూరు కింద ఉంటే హెచ్చరిక రాగానే కోళ్ళని మార్చండి. డాబా ఇంట్లో ఒక మూల, స్నానాల గది, వసారా, ఏదైనా సరే. నేల మీద ఊక పరిచి, గంపల కింద మూసి, గంప మీద బరువు పెట్టండి. చీకటిగా ఉంటే కోళ్ళు పోట్లాడుకోవు. గాలి మాత్రం ఆడాలి. పది పెట్టలు లోపలే ఉంటే రోజుకి ఒక కిలో పైచిలుకు మేత తింటాయి, పది రోజులకి 12 కిలోలు పెట్టుకోండి. నూక, తౌడు, చోళ్ళు, ఫారం మేత ఏదైనా మూత బిగుతుగా ఉన్న డ్రమ్ములో, నేలకి ఎత్తులో ఉంచాలి.

తడిసి బూజు పట్టిన మేతని ఎండబెట్టి వేయొద్దు. బూజు విషం ఎండకి పోదు. మొక్కజొన్న, వేరుశనగ చెక్కల్లో ఇది మరీ ఎక్కువ. కోడి కాలేయం దెబ్బతింటుంది, గుడ్లు తగ్గుతాయి.

నీళ్ళు తీశాక గూట్లో చెయ్యి పెట్టే ముందు కర్రతో కదపండి. వరద తర్వాత పాములు పొడి నేల వెతుక్కుంటూ కోళ్ళ గూళ్ళలోకే వస్తాయి, గుడ్లూ పిల్లలూ వాటికి ఆహారం. కాటు పడితే కోయడం, కట్టు బిగించడం, మంత్రం వద్దు. కదలకుండా పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి. చచ్చిన కోళ్ళని కాలవలో పడేయకుండా లోతుగా గొయ్యి తీసి, సున్నం చల్లి పూడ్చండి. మునిగి చచ్చిన కోడిని కూర వండొద్దు. మెడలు వంకర పోవడం, ఆకుపచ్చ రెట్ట, వరసగా చావులు కనిపిస్తే కొక్కెర తెగులేమో అనుమానించి పశువుల డాక్టరుకి చెప్పండి. సంచార పశు వైద్యానికి 1962.

తోలుగుడ్లు, చేత్తో పట్టుకుంటే పగిలే పెంకు

కాల్షియం చాలకపోవడం, లేదా ఎండకి రొప్పి రొప్పి ఒంట్లో పెంకుకి కావలసిన సరుకు తగ్గిపోవడం. ఆలిచిప్పలు, నత్తగుల్లలు దంచి ఒక మూకుడులో విడిగా పెట్టండి, ఎంత కావాలో పెట్టే చూసుకుంటుంది. వాడిన గుడ్డు పెంకులైతే వేయించి, పొడి చేసి వేయండి. ముక్కల్లా వేస్తే గుడ్డుని గుర్తుపట్టి పొడుచుకు తినడం అలవాటవుతుంది. ఇలాంటి పలచటి గుడ్లు నిల్వకి పనికిరావు, ఆ రోజు కూరకే.

ఇంట్లో అన్నీ ఉన్నాయి, నీళ్ళు లేవు

గుడ్లు, బియ్యం, పప్పు సర్దుకున్న ఇల్లు కూడా మొదట కష్టపడేది నీళ్ళకే. కరెంటు లేకపోతే బోరు మోటారు తిరగదు, రక్షిత నీటి పథకం ట్యాంకు నిండదు. తిత్లీ తర్వాత జనరేటర్లు తెప్పించి ట్యాంకులు నింపుకున్న ఊళ్ళున్నాయి. మనిషికి తాగడానికి, వండడానికి రోజుకి నాలుగు లీటర్లు లెక్కేస్తే నలుగురికి వారానికి 112 లీటర్లు, పది కోళ్ళకి ఇంకో 20. హెచ్చరిక రాగానే డ్రమ్ములు, బిందెలు, గోళెం అన్నీ నింపి మూతలు పెట్టండి. వరద తర్వాత బావి నీళ్ళని సలసలా మరగనిచ్చి, ఆ మరుగు మీద ఒక నిమిషం ఉంచి తాగండి. విరేచనాలైతే లీటరు కాచిన నీళ్ళలో ఆరు టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు, తలకొట్టి కొలిచి కలిపి కొంచెం కొంచెంగా పట్టించండి. గాలివాన లోపల మూసిన గదిలో బొగ్గుల కుంపటి వెలిగించొద్దు, దాన్నుంచి వచ్చే, కంటికి కనిపించని విషవాయువు చడీచప్పుడు లేకుండా ప్రాణం తీస్తుంది.

ఉద్దానంలో కిడ్నీ జబ్బున్న ఇళ్ళకి ఇంకో లెక్క ఉంది. తుపాను తర్వాత చుట్టూ పడిపోయిన కొబ్బరికాయలే కనిపిస్తాయి, దాహానికి నీళ్ళు కొట్టి ఇస్తారు. కొబ్బరి నీళ్ళలో, అరటిపండులో పొటాషియం ఎక్కువ. డయాలసిస్ తప్పిన మనిషికి అది గుండె ఆగే దాకా తీసుకెళ్ళగలదు. వాళ్ళకి ఎంత నీరు, ఎన్ని గుడ్లు అన్నది జబ్బు ఏ దశలో ఉందో దాన్ని బట్టి మారుతుంది. డయాలసిస్ జరుగుతున్నవాళ్ళకి మాంసకృత్తులు ఎక్కువే కావాలి, ఇంకా డయాలసిస్ దాకా రానివాళ్ళకి తగ్గించమంటారు. తెల్లసొనలో భాస్వరం చాలా తక్కువ, పచ్చసొనలో ఎక్కువ. అందుకే సెప్టెంబరు చెకప్‌కి వెళ్ళినప్పుడే డాక్టరుని రెండు ప్రశ్నలు అడిగి కాగితం మీద రాయించుకోండి: రెండు మూడు రోజులు డయాలసిస్ అందకపోతే ఏం తినాలి, ఎంత తాగాలి. ఆ కాగితం, రెండు వారాల మందులు, డయాలసిస్ ఫైలు, ఆధార్, రేషన్ కార్డు ఒకే ప్లాస్టిక్ కవరులో పెట్టండి. హెచ్చరిక రాగానే, రోడ్డు మీద చెట్లు పడకముందే, వీలైతే ఒక రోజు ముందుగా డయాలసిస్ చేయించమని సెంటరు వాళ్ళని అడగండి. మిగతా అవసరాలకి జిల్లా కంట్రోల్ రూము 1077, కరెంటుకి 1912, ఏ ఆపదకైనా 112. ఫోను ఛార్జింగు ఉండగానే ఈ నంబర్లు గోడ మీద రాసి పెట్టుకోండి.